సెంటుకు ఎన్ని కోళ్లు? పెరటి కోళ్ల ఆవరణ విస్తీర్ణంపై ఒక ఆలోచన

కృష్ణా తీరంలోని ఒక గ్రామంలో పెరటి కోళ్ల పెంపకంపై శిక్షణ కార్యక్రమం ముగిసిన తరువాత ఒక మహిళా రైతు వేసిన ప్రశ్న నన్ను చాలా కాలంగా వెంటాడుతున్నది. కోళ్ల రకాలు, టీకాలు, దాణా, పిల్లల పోషణ వివరించడం పూర్తయినది. ఆమె లేచి, "అయ్యగారూ, పిల్లలెన్ని ఇస్తారో చెప్పారు. మా దొడ్డెంతో ఎవరూ అడగలేదే!" అన్నది. సభలో నవ్వులు వినిపించాయి. నా వద్ద మాత్రం సమాధానం లేదు. చేతిలోని కరపత్రంలో కోడికి ఇన్ని చదరపు అడుగులన్న అంకె ఉన్నది గాని, అది రాత్రి నిద్రించే గూటికి సంబంధించినది. ఆమె అడిగినది పగలు తిరిగే నేలను గురించి.

పెరటి కోళ్ల పెంపకంలో మనం తరచుగా లెక్కను తలక్రిందులుగా ప్రారంభిస్తున్నామన్నది ఈ వ్యాసం సారాంశం. ముందుగా కోళ్ల సంఖ్యను నిర్ణయించి, ఆ తరువాత వాటిని ఉన్న స్థలంలో సర్దుతున్నాము. నిజానికి ముందుగా నేలను కొలిచి, ఆ నేల ఎన్ని కోళ్లను భరించగలదో లెక్కించి, ఆ తరువాత పిల్లల సంఖ్యను నిర్ణయించవలసి ఉన్నది. ఈ వరుస మారితే నష్టపోయేది కోళ్లు మాత్రమే కాదు, వాటిని నమ్ముకొన్న గృహిణి కూడా.

ఊరే ఆవరణగా ఉన్న కాలం

మన పూర్వికులు కోళ్లకు ప్రత్యేకంగా ఆవరణ కట్టలేదు. ఉదయం గంప ఎత్తితే కోళ్లు బయటకు వెళ్లేవి, సంధ్యవేళకు తిరిగి వచ్చేవి. పెంటకుప్పలు, గడ్డివాములు, పశువుల కొట్టాలు, నూర్పిడి కళ్లాలు, పక్కవారి దొడ్లు అన్నీ కలిసి వాటి మేత స్థలం. నాలుగు కోళ్లు ఉన్న ఇంటికి వాస్తవంలో ఊరిలో సగం తిరుగుడు స్థలంగా ఉండేది. ఆ స్థలానికి కొలత లేదు గనుక కొలవవలసిన అవసరమూ రాలేదు.

శ్రీలంక గ్రామాలలో 1990 దశకం తొలినాళ్లలో పెరటి కోళ్లు తిన్న మేతను పరిశీలించినపుడు అందులో అధిక భాగం ఇంటి వంట వ్యర్థాలేనని తేలింది. గడ్డి చిగుళ్లు, పురుగులు, రాలిన గింజలు మిగిలిన భాగం. పెరటి కోడి మేత ఆ పెరటి చదరపు మీటర్ల కంటే, ఆ చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు, ఎన్ని పశువులు, ఎంత ధాన్యపు నలుగుడు ఉన్నవన్న దానిపై ఎక్కువగా ఆధారపడుతుందని దీనివల్ల బోధపడుతుంది.

ఇపుడు ఆ పరిస్థితి మారుతున్నది. కోత యంత్రాలు వచ్చిన చోట కళ్లాలు కనుమరుగయ్యాయి. వీధులకు సిమెంటు రోడ్లు, ఇళ్లకు ప్రహరీ గోడలు వచ్చాయి. పక్క ఇంటివారి ఆకుకూర మడిని కోడి కెలికితే తగవు తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పేదలకు పంపిణీ చేసిన ఇళ్ల స్థలాలు గ్రామాలలో సెంటున్నర, పట్టణాలలో సెంటు చొప్పున ఉన్నాయి. అందులో ఇల్లు పోగా మిగిలే పెరడు ఎంతో ఊహించడం కష్టం కాదు. అందువల్ల కంచె వేసిన ఆవరణ అనివార్యమవుతున్నది. కంచె వేసిన క్షణం నుంచి విస్తీర్ణం లెక్క తప్పనిసరి అవుతుంది.

మూడు ప్రశ్నలు, మూడు అంకెలు

ఒక కోడికి ఎంత స్థలం కావాలన్న ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. వీటిని విడదీయకపోవడమే గందరగోళానికి మూలం.

మొదటిది, కోడి శరీరానికి ఎంత చోటు కావాలి? ఇది గూటికి సంబంధించిన ప్రశ్న. రాత్రి నిద్రకు ఒక్కొక్క పెద్ద కోడికి చదరపు అడుగున్నర నుంచి రెండు చదరపు అడుగుల నేల, వాలడానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు కర్ర ఉంటే సరిపోతుంది. మన కరపత్రాలలో కనిపించే అంకె సాధారణంగా ఇదే.

రెండవది, కోడి స్వభావానికి ఎంత చోటు కావాలి? నడవడం, రెక్కలు విప్పడం, నేల గీరడం, దుమ్ములో పొర్లడం, బలమైన కోడి నుంచి బలహీనమైనది తప్పించుకొనడం దీని కిందికి వస్తాయి. ఐరోపా సమాజంలో ఆరుబయట తిరిగే కోళ్ల గుడ్లుగా అమ్మదలచినవారు ఒక్కొక్క కోడికి కనీసం 4 చదరపు మీటర్ల బయలు చూపాలి. అంటే హెక్టారుకు 2500 కోళ్లకు మించరాదు.

మూడవది, కోడి విసర్జించే రెట్టను పీల్చుకొనడానికి ఎంత నేల కావాలి? అదే ఐరోపాలో సేంద్రియ పెంపకానికి సంబంధించిన నిబంధనలు హెక్టారుకు సంవత్సరానికి 170 కిలోల నత్రజనిని పరిమితిగా పెట్టి, దానికి సమానంగా 230 గుడ్ల కోళ్లను లెక్కగట్టాయి. ఇది కోళ్లు తిరిగే చోటుకు మాత్రమే పరిమితమైన లెక్క కాదు. ఆ రెట్టను ఎరువుగా వినియోగించే మొత్తం భూమికి వర్తించే లెక్క.

ఈ అంకెలను మన కొలతలలోకి మార్చి చూడండి. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు, సుమారు 40 చదరపు మీటర్లు. స్వభావానికి సంబంధించిన అంకె ప్రకారం సెంటుకు పది కోళ్లు. నేలకు సంబంధించిన అంకె ప్రకారం సెంటుకు ఇంచుమించు ఒక్క కోడి. ఒకే ప్రాంతపు నిబంధనలలోని రెండు అంకెల మధ్య పది రెట్ల తేడా! రెండూ సరైనవే, ఎందుకంటే రెండూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. కోడి తృప్తిగా తిరగడానికి చాలిన చోటు, దాని రెట్టను భరించడానికి నేలకు చాలదు.

ముందుగా ఓడిపోయేది నేల

ఈ తేడా కాగితంపై లెక్క మాత్రమే కాదు. పెద్ద పెరటి కోడి రోజుకు సుమారు 100 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుందనుకొందాము. సెంటు నేలలో పది కోళ్లు ఉంటే రోజుకు ఒక కిలో, సంవత్సరానికి 365 కిలోలు. రాత్రి గూటిలో పడే భాగం సగమని తీసివేసినా 180 కిలోలకు పైగా ఆ సెంటులోనే పడుతుంది. ఎకరానికి లెక్కిస్తే అది 18 టన్నులు. పొలానికి ఎకరాకు నాలుగైదు టన్నుల పశువుల ఎరువు వేయమని సలహా ఇచ్చే మనమే, దానికంటే నత్రజని ఎక్కువగా ఉండే కోళ్ల రెట్టను పెరటిలో ఇంత మోతాదున పడనిస్తున్నాము.

ఫలితం ఒక క్రమంలో కనిపిస్తుంది. మొదట గూటి తలుపు ముందు పచ్చిక పోతుంది. కోళ్లు లేత చిగురును తిని, మిగిలినదాన్ని కాళ్లతో గీరి వేళ్లు బయటపెడతాయి. కొద్ది వారాలలో ఆ బట్టతల ఆవరణ అంతటికీ వ్యాపిస్తుంది. తొలకరి పడగానే నేల బురదవుతుంది. నీరు నిలిచే నల్లరేగడిలో ఈ దశ త్వరగా వస్తుంది. నీరు ఇంకే ఎర్ర చల్కలలో కొంత ఆలస్యమవుతుంది.

వ్యాధి ప్రవేశించేది ఇక్కడే. రక్త పారుడు కలిగించే ఐమీరియా పరాన్నజీవి గుడ్లు తేమ, వెచ్చదనం ఉన్న నేలలో ఒకటి రెండు రోజులలోనే సోకే దశకు చేరుకొంటాయి. ఏలిక పాముల గుడ్లు నీడగల తడి నేలలో నెలల తరబడి బ్రతికి ఉంటాయి. కోడిపిల్లకు ఐమీరియా కొద్ది మోతాదులో తగిలితే నిరోధక శక్తి ఏర్పడుతుంది. ఎక్కువ మోతాదులో తగిలితే ప్రాణం పోతుంది. ఈ మోతాదును నిర్ణయించే అంశాలలో స్థల విస్తీర్ణం, నేల తేమ ముఖ్యమైనవి. ఆరు వారాల పోషణ తరువాత ఆవరణలోకి వదిలిన పిల్లలు వర్షాకాలంలో వరుసగా చనిపోయినపుడు మనం మందును గురించి, టీకాను గురించి విచారిస్తాము. సెంటుకు ఎన్ని కోళ్లు ఉన్నవని విచారించేవారు అరుదు.

సెంటుకు నాలుగు

పది, ఒకటి అన్న ఈ రెండు అంకెల మధ్య ఆచరణకు వీలైన సమాధానం ఏది? నా అభిప్రాయంలో కంచె వేసిన పెరటి ఆవరణకు సెంటుకు నాలుగు పెద్ద కోళ్లను పరిమితిగా తీసుకొని ప్రారంభించడం మంచిది. తెలంగాణ లెక్కలో గుంటకు పది. అంటే ఒక్కొక్క కోడికి సుమారు 10 చదరపు మీటర్లు.

ఈ అంకెకు ఆధారం మార్పిడి పద్ధతి. ఐరోపా నిబంధనలు కూడా కోడికి మొత్తం 10 చదరపు మీటర్లు ఉండి, ఆవరణను భాగాలుగా మార్చి మార్చి వాడేటట్లయితే ఏ సమయంలోనైనా కోడికి 2.5 చదరపు మీటర్లు అందుబాటులో ఉంటే చాలునని అంగీకరిస్తాయి. అంటే ఆవరణను నాలుగు మడులుగా విభజించి, ఒకదానిలో కోళ్లను తిప్పి, మూడింటికి విశ్రాంతి ఇవ్వడం. గూటిని నాలుగు మడులు కలిసే మధ్య భాగంలో పెట్టి, నాలుగు వైపులా చిన్న తలుపులు అమర్చితే రోజూ కోళ్లను తోలవలసిన పని ఉండదు. ఏ తలుపు తెరిస్తే ఆ మడిలోకే వెళతాయి.

అయితే మూడు నాలుగు వారాల విశ్రాంతి పచ్చిక కోలుకొనడానికే గాని, పరాన్నజీవులు పూర్తిగా నశించడానికి చాలదు. అందువల్ల సంవత్సరంలో ఒక్కొక్క మడిని వంతుల వారీగా ఒక పంటకాలం పూర్తిగా ఖాళీ చేసి, తవ్వి, కూరగాయలు వేయడం ఉత్తమం. రెట్టలోని నత్రజని పంటకు ఉపయోగపడుతుంది. తాజా రెట్ట పడిన నేలలో పచ్చిగా తినే కూరలు, నేలకు ఆని కాచే కూరలు వెంటనే వేయకుండా, పందిరి మీద పారే బీర, పొట్ల, సొర వేయడం మేలు. ఆ పందిరిని పక్క మడి మీదికి పాకించితే కోళ్లకు నీడ, గద్దల నుంచి రక్షణ రెండూ లభిస్తాయి. తీగ మొదలు చుట్టూ రాళ్లు గాని, తుమ్మ కంప గాని పెట్టడం మరువరాదు.

నీడను గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. మన కోళ్ల మూలజాతి అడవికోడి. అది పొదల చాటున మేత వెదికే పక్షి. గద్ద భయం నేటి కోడిలోనూ ఉన్నది. దానికి తోడు కోడికి స్వేద గ్రంథులు లేవు. 40 డిగ్రీలు దాటే మన వేసవిలో నీడలేని నేలపై కోడి అడుగు పెట్టదు. గూటి పక్కనే నోరు తెరిచి రొప్పుతూ నిలుస్తుంది. కాబట్టి ఆవరణను కొలిచేటపుడు నడి ఎండలో కూడా నీడ, చాటు లభించే భాగాన్నే వేసవి విస్తీర్ణంగా లెక్కించాలి. సెంటు నేలలో మునగ చెట్టు, కరివేపాకు, అరటి పిలకలు ఉన్న పెరడు, రెండు సెంట్ల బోడి నేల కంటే కోడికి పెద్దది.

రెట్ట తొలగింపు కూడా విస్తీర్ణంలో భాగమే. గూటి కింద వరి ఊక గాని, ఎండుటాకులు గాని పరచి, వారానికి ఒకసారి ఎత్తి కంపోస్టు గుంటలో వేస్తే రాత్రి రెట్ట ఆవరణ నేలపై పడదు. ఆ ఎరువు చేనికి చేరినపుడు చేను కూడా ఆ కోళ్ల భూమిలో భాగమవుతుంది. సెంటుకు ఒక్క కోడి అన్న అంకెను సెంటుకు నాలుగుగా మార్చుకొనే హక్కు ఈ పని చేసినవారికే లభిస్తుంది.

ఆవరణలో కొంత భాగానికి పైకప్పు, సన్న జాలీ ఉండడం కూడా అవసరం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినపుడు, కోళ్లను అడవి పక్షులకు దూరంగా లోపల ఉంచడం ఎంత ముఖ్యమో అందరికీ తెలిసివచ్చింది. లోపల ఉంచడానికి గూడు తప్ప మరొక చోటు లేని ఇంట్లో ఆ సలహా ఎన్ని రోజులు అమలవుతుంది?

ఎదురయ్యే అభ్యంతరాలు

సెంటుకు నాలుగు అంటే సెంటున్నర స్థలంలో ఇల్లు పోగా మిగిలే పెరటిలో రెండు మూడు కోళ్లే అవుతాయి, దానితో కుటుంబానికి ఒరిగేది ఏమిటని ప్రశ్నించవచ్చు. ఈ అభ్యంతరం న్యాయమైనది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి రకాలను రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించినది పేద కుటుంబాలకు గుడ్లు, మాంసం, కొద్ది ఆదాయం అందించడానికే. ఇరవై కోళ్లు పెట్టుకొంటేనే ఆదాయం కనిపిస్తుంది.

దీనికి రెండు సమాధానాలు. మొదటిది, నాలుగు కోళ్లు ఒక్కొక్కటి సంవత్సరానికి నూరు గుడ్లు మాత్రమే పెట్టినా 400 గుడ్లు, వారానికి ఏడెనిమిది. ఇంటిలోని పిల్లల పోషణకు ఇది చిన్న విషయం కాదు. ఇరవై పిల్లలను తెచ్చి, పన్నెండు చనిపోయి, మిగిలినవి ఇరుగుపొరుగు తగవు భరించలేక అమ్ముడుపోయిన ఇంటితో పోల్చి చూడాలి. రెండవది, స్థలం లేకుండా ఎక్కువ కోళ్లు పెంచదలచినవారికి వేరే పద్ధతి ఉన్నదని నిజాయితీగా చెప్పాలి. అపుడు దానిని పచ్చిక ఆవరణగా భావించరాదు. పైకప్పు వేసి, నేలపై నాలుగైదు అంగుళాల మందాన ఊక పరచి, ఎప్పటికప్పుడు తిరగవేస్తూ, మేత మొత్తం కొని పెట్టే వ్యాయామ స్థలంగా దానిని నిర్వహించాలి. అందులో మేత ఖర్చు ఎంతో ముందే లెక్క చెప్పాలి. ఖర్చులేని పెంపకమని చెప్పి ఇరవై పిల్లలను ఇచ్చి, ఖర్చుతో కూడిన పెంపకాన్ని ఆమె నెత్తిన పెట్టడం విస్తరణ కాదు.

కోళ్లను విడిచిపెడితే సరిపోతుంది గదా, కంచె ఎందుకని మరికొందరు అంటారు. వదలగలిగిన ఊరిలో వదలవచ్చు. పొలాల మధ్య ఇళ్లు, గిరిజన గూడేలు, పశు సంపద గల పల్లెలలో ఆ పద్ధతి నేటికీ ఉత్తమమే. అయితే అక్కడ కూడా లెక్క ఉన్నది. ఊరి మేత వనరు ఒక్కటే. ఇంటికి ఐదు కోళ్లకు సరిపోయిన వనరు, ప్రతి ఇంటికీ ఇరవై వచ్చినపుడు సరిపోదు. బరువైన రకాలకు మేత మరింత కావాలి. అందుచేత వదిలి పెంచే చోట పెరడును కాక ఊరిని కొలవాలి.

ఐరోపా అంకెలు మన నేలకు వర్తిస్తాయా అన్నది మూడవ అభ్యంతరం. యథాతథంగా వర్తించవు. అవి చల్లని, తేమగల పచ్చిక బయళ్లను దృష్టిలో పెట్టుకొని వచ్చినవి. మన దగ్గర తీవ్రమైన ఎండ నేలపై ఉన్న పరాన్నజీవులను వేగంగా నశింపజేస్తుంది, అదే ఎండ పచ్చికనూ మాడ్చివేస్తుంది. వర్షాకాలంలో ఈ రెండూ తారుమారవుతాయి. కాబట్టి సెంటుకు నాలుగు అన్నది తుది ప్రమాణం కాదు, ప్రారంభ బిందువు. పచ్చిక నిలిచిందా, బురద ఏర్పడిందా, రెట్ట వాసన వస్తున్నదా అని చూసి రైతు స్వయంగా సరిదిద్దుకోవలసిన అంకె.

మనం చేయవలసినది

మొదట, పిల్లల పంపిణీకి నింపే దరఖాస్తులో ఒక గడి చేర్చాలి: ఇల్లు పోగా పెరడు ఎన్ని గజాలు, అందులో నీడ ఎంత, నీరు నిలుస్తుందా. ఈ మూడింటికి టేపు, పది నిమిషాల సమయం చాలు. పన్నెండు గజాలకు ఒక కోడి అన్నది గుర్తుంచుకొనడానికి తేలికైన లెక్క. కోళ్లను లెక్కించేటపుడు నేటి పిల్లలను కాక, పెరిగిన తరువాతి పరిమాణాన్ని, పొదిగించబోయే పిల్లలను కూడా కలపాలి.

రెండవది, మన విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో నివసించే కాలంలో ఈ అంశాన్ని చేపట్టవచ్చు. పది పెరళ్లను కొలవడం, కోళ్లను లెక్కించడం, గూటి తలుపు నుంచి ఎన్ని అడుగుల వరకు పచ్చిక పోయిందో గుర్తించడం, మధ్యాహ్నం కోళ్లు ఎక్కడ నిలుస్తున్నవో చూడడం. ఇవి ఖర్చులేని పరిశీలనలు. నల్లరేగడి, ఎర్ర చల్క, ఇసుక నేలలకు వేర్వేరుగా ఇలాంటి లెక్కలు పోగయితే మన ప్రాంతానికి మన అంకె వస్తుంది.

మూడవది, పశువైద్య, ఉద్యాన, నేల విజ్ఞాన శాస్త్రవేత్తలు ఈ విషయంపై కలిసి కూర్చోవాలి. పెరటి ఆవరణలో కోడి ఒకరిది, తీగ మరొకరిది, నేల ఇంకొకరిది అయినంతకాలం ఆ మహిళకు పూర్తి సమాధానం దొరకదు. ఆమెకు ఆ మూడూ ఒకే దొడ్డి.

ఆనాడు ఆమెకు ఇవ్వలేకపోయిన సమాధానాన్ని ఇపుడు ఇలా చెప్పగలను. "అమ్మా, ముందు మీ దొడ్డిని కొలుద్దాము. కోళ్లెన్నో దొడ్డే చెబుతుంది." పిల్లల బుట్టతో పాటు టేపు కూడా పట్టుకొని వెళ్లే అలవాటు మనకు ఏర్పడినపుడు, అటువంటి ప్రశ్నకు సభలో ఎవరూ నవ్వరు.